అద్దె గాలి

వారమంతా వాకాడులో పంచర్లు వేస్తాను.
ఆదివారం పొద్దున్నే ఎనిమిది లారీ ట్యూబులకు గాలి కొట్టి
ట్రాలీ ఆటో మీద మోకుతో బిగించి
తూపిలిపాళెం రేవుకు తెస్తాను.
అరగంటకు ముప్పై. పిల్లకాయలకు ఇరవై.
తడిసిన నోట్లయినా తీసుకుంటా.

ఏ ట్యూబు యాడ పగిలిందో నాకు తెలుసు.
ఈ మూడతుకులది
మదనపల్లి టమాటా లోడు కింద నలిగింది.
ఈ పెద్దది కాళహస్తి దాటినాక మేకు మింగింది.
రోడ్డుకిక పనికిరావు.
నీళ్ళు వాటి వయసడగవు.

తిరుపతి నుంచి వ్యాన్లొస్తాయి.
కొండకు మొక్కిన చేతుల్తోనే
ముందు సముద్రానికీ మొక్కుతారు,
తర్వాత ప్యాంట్లు మడుస్తారు,
ఆ తర్వాత మడతల సంగతే మరిచిపోతారు.
గుండ్ల మీది గంధం మూడలలకు పోతుంది.
ఇసకలో కబడ్డీ గీత గీస్తే
కూతకు ముందే అలొచ్చి చెరిపేస్తాది.
అవుటు, కాదని తగువు.
తీర్పు చెప్పమని నా దగ్గరికొస్తారు.
గీతే లేకపోయె, నేనేం చెప్పేది?

మొన్న ఒకామె ఒంటరిగా వచ్చింది.
పెద్దాస్పత్రిలో నర్సంట, హెప్సిబా అంట.
రాత్రి డ్యూటీ దిగి
ఇంటి బస్సు ఎక్కబోయి గూడూరు బస్సెక్కిందంట.
"ఈత రాదన్నా" అంది.
"ట్యూబుకి వస్తాదిలేమ్మా" అన్నాను.

మోకాటి లోతులో వాలింది.
పోలయ్య దగ్గర వలతాడు అడిగి ట్యూబుకు కట్టి
కొస నా మణికట్టుకు చుట్టుకున్నా.
రెండలలు.
మూడో అలకు నిద్రపోయింది,
నోరు కొంచెం తెరిచి,
చెప్పులు కూడా విప్పకుండా,
ఎవరి నాడీ పట్టుకోని చెయ్యి నీళ్ళలో వదిలేసి.

అరగంటయింది. పిలవలా.
పిల్లకాయలు ఆ ట్యూబే కావాలని గోల.
నోటిమీద వేలు పెట్టి తరిమేశా.
అలొస్తే తాడు వదలడం, పోతే లాగడం.
వదలడం. లాగడం.
అవతల పడవ మీద కూర్చుని
పోలయ్య నవ్వతానే ఉన్నాడు,
"కాలేషా, ఏం చేప పడిందిరా?"

గంటన్నరకు లేచింది.
ఒక చెంప ఎండకు కమిలింది.
"ఎంతసేపయిందన్నా?"
"అరగంటే."
వాచీ చూసుకుంది.
ముప్పై చేతిలో పెట్టి, ఏమీ అనకుండా
రోడ్డు వైపు నడిచింది.

పొద్దుగూకి అన్నింటికీ గాలి తీసేశా.
అదొక్కటే తియ్యబుద్ధి కాలా.
ఉబ్బిన ట్యూబును ఒళ్ళో పెట్టుకుని
ఆటోలో ఇంటికొచ్చా.

తెల్లారి చూస్తే సగానికి దిగిపోయింది.
యాడో సన్నగా పోతా ఉంది గాలి.
ఉమ్ము రాసి వెతికా,
మూడో అతుకు పక్కనే
ఒక్క బుడగ, చిన్నది,
లేస్తా
పడతా.