వాన పడ్డ మర్నాడు

పదకొండున్నరకి మళ్ళీ పడిపోయింది.
మిర్చి యార్డులో కాటాల దగ్గర తెరలన్నీ తెల్లబోయాయి.
టిక్కీల వరసల మధ్య ఎవరో తుమ్మారు,
ఆ తుమ్ము వరసంతా పాకింది.

"సర్వర్ ముసల్దైపోయింది, మార్పించండి"
అన్నాడు సూపర్‌వైజర్ భుజంగరావు.
అత్త మీద కోపం దుత్త మీద.
ఆ దుత్తని ఈ ఏడు రెండుసార్లు మార్చాం,
మెమరీ పెంచాం, ఏసీ గదిలో కూర్చోబెట్టాం,
ఒక శుక్రవారం నిమ్మకాయలు కూడా కట్టారు,
నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఆపి లేపడం ఒక్కటే నాకొచ్చిన వైద్యం.
లేపగానే లేస్తుంది పాపం
ఏమీ ఎరగనట్టు,
గంట తిరక్కుండా మళ్ళీ ఒరుగుతుంది.
జ్వరం బిళ్ళ చేతిలో పెట్టి
జబ్బు పేరు అడగని ఆర్ఎంపీని నేను.

లాగ్ ఫైల్లో ఆఖరి మాట ఎప్పుడూ ఒకటే:
కనెక్షన్లు అయిపోయాయి.
ఎవరు పట్టుకెళ్ళారో ఉండదు,
ఎందుకు తిరిగివ్వలేదో ఉండదు.

ముఠా మేస్త్రి ఏసుపాదం
టీ గ్లాసు కీబోర్డు పక్కన పెట్టి అన్నాడు:
"వాన పడ్డ మర్నాడే పడిద్ది మేడం మీ పెట్టె.
మేం చూస్తానే ఉన్నాం."

నవ్వాను.
వానకీ ప్రోగ్రాముకీ ఏం చుట్టరికం?

రాత్రి బ్రాడీపేట గదిలో
ఆరు వారాల తేదీలు ఒక పక్క రాసుకున్నా,
పాత పేపర్లు తిరగేసి వానలు రెండో పక్క.
అప్పుడు నవ్వు రాలేదు.

వాన పడితే కాయ చెమ్మగిల్లుతుంది.
తేమ పన్నెండు దాటితే స్లిప్పు మీద ఎర్రగా: వాపసు.
సరిగ్గా అక్కడ, రెండు వందల పద్దెనిమిదో లైన్లో,
ప్రోగ్రాం వెనక్కి వెళ్ళిపోతోంది
తలుపు వేయకుండా.
కొన్న కాయకి బుద్ధిగా గొళ్ళెం పెడుతుంది,
తిప్పిపంపిన కాయకి బార్లా వదిలేస్తుంది.
మొత్తం వంద తలుపులు.
వందో తడి టిక్కీ వెనక వచ్చినవాడికి,
వాడి కాయ ఎండుదే అయినా,
తెరవడానికి ఏమీ మిగలదు.

ఏం జరిగినా సరే, పోయే ముందు మూసెయ్
అని ఒక్క లైను కలిపాను.
లేని రైతుల పేర్లు పెట్టి
వెయ్యి తడి టిక్కీలు పంపాను,
వెయ్యింటినీ తిప్పికొట్టాను.
మూడింటికి ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.
నిలబడింది.

మంగళవారం రాత్రి కురిసింది.
బుధవారం పదకొండున్నర దాటింది.
ఎర్ర స్లిప్పులు ఒకదాని మీద ఒకటి
ఆగకుండా వస్తున్నాయి.
భుజంగరావు నా కోసం గోలీసోడా తెప్పించాడు.

మాచర్ల వైపు నించి వచ్చిన ఒకాయన
స్లిప్పుని రెండువైపులా తిప్పి చూసి
గాజు కిటికీలోంచి అడిగాడు:
"మొన్నటిదాకా మిషను ఆగేదిగా తల్లీ,
ఆ గంటలో పట్టా మీద పోసుకుంటే
ఎండకి కాస్త ఆరేయి.
ఇయ్యాల ఆగదా?"

గోలీ సీసా మెడలో ఇరుక్కుంది.
బయట ఎండ బాగానే కాస్తోంది.
పన్నెండుంపావు.
సర్వర్ నడుస్తూనే ఉంది.