సీడు బండి

తుమ్మలపెంట హేచరీలో నాది లెక్కపెట్టే పని.
తెల్ల పింగాణీ గిన్నెలో గరిటెడు నీళ్లు,
అందులో కనురెప్ప వెంట్రుకలంతేసి రొయ్య పిల్లలు.
సంచికి రెండు వేలు.
పైన ఆక్సిజన్, మూతికి రబ్బరు బ్యాండు.
ఆ సంచికి ఊపిరి పన్నెండు గంటలు.

ఆ లోపల భీమవరం చెరువుగట్టు మీద
దాన్ని దించేవాడు మాలకొండయ్య.
మిగతా బండ్లలో నూటికి పది చచ్చేవి,
వాడి బండిలో రెండో మూడో.
ఎట్టరా అంటే
"నీళ్లు కదలకూడదక్కా, బండి కదలాల" అనేవాడు.

రేసు గురించి వాడికి అప్పటికి తెలిసింది అంతే.

నాలుగు వేల మందిలో పన్నెండు మందిని
ఏరుకున్నారు టీవీ వాళ్లు.
గెలిచినోళ్లకి ఏడాది పాటు రేసు కారు, జీతం,
పేరు రాసిన హెల్మెట్టు.
వాడి పేరు పొడుగైందని కొండా అని కత్తిరించారు.
మద్రాసు అవతల ట్రాకు మీద షూటింగు.
శనివారం రాత్రి తొమ్మిదింటికి ప్యాకింగు షెడ్డులో
రవణమ్మ ఫోను ఉప్పుడబ్బాకి ఆనించి
పదకొండు మందిమి
తడిచేతులు తుడుచుకోకుండానే చూశాం.

మొదటి వారం
వాడి చేత మా ఇసకలో వట్టికాళ్లతో పరిగెత్తించారు.
వాడికి చెప్పులుండాయి. రెండు జతలు.
వాళ్ల నాయన కామెర్లొచ్చి పోయినాడు,
టీవీలో సముద్రం మింగిందన్నారు.
వెనక ఏదో ఏడుపు వాయించారు.
"ఏడవమంటే రాలేదక్కా," ఫోన్ చేసి చెప్పాడు,
"ఉల్లిపాయ తెచ్చారు. దాన్ని చూసి నవ్వొచ్చింది."
ఆ నవ్వు మాకు చూపించలేదు.

తర్వాత మూడో స్థానం. ఆ తర్వాత రెండు.
యాళిని అని కోయంబత్తూరు పిల్ల,
ఎనిమిదేళ్లప్పట్నుంచీ చిన్న కార్లు తోలిందంట,
కెమెరాలు లేని పొద్దుల్లో వాడికి నేర్పేదంట:
మలుపులో బండిని బతిమాలొద్దు, భయపెట్టు.

ఐదో వారం వాన.
అందరూ జారారు. వాడు జారలేదు.
వాన మాకు కొత్తా?
మా అరుపులకి ట్యాంకుల్లో పిల్లలు బెదిరిపోయుంటాయి.
ఆఖరి ల్యాపు, ఆఖరి మలుపు,
అక్కడ బ్రేకు
వాడు తొక్కలేదు, అద్దాడు.

తలనెరిసిన జడ్జి తెర మీద గీతలు చూపించి
"ఇదిగో, సెకన్లో నాలుగు పదోవంతులు ఇక్కడ పోయినాయి,
వెనక సీట్లో కోడిగుడ్డు పెట్టుకున్నట్టు నడిపాడు" అంటే
అక్కడ అందరూ నవ్వారు.
వాడూ నవ్వాడు, తల వంచుకుని.

షెడ్డులో ఎవరం మాట్లాడలేదు.
గుడ్డు కాదయ్యా.
నాలుగు లక్షలు.
లెక్కపెట్టింది నేను.

వాడు తిరిగొచ్చినాక
ఓనరు గేటు ముందర ఫ్లెక్సీ కట్టించాడు,
హెల్మెట్టు చంకలో పెట్టుకుని కొండా,
కింద సీడు ధరలు.
వాడు ఆ గేటు వదిలి
వెనక దిబ్బ మీంచి వచ్చేవాడు పనికి.

కార్తీకంలో మా చెల్లి కాన్పుకని
భీమవరం దాకా వాడి బండిలోనే పోయి
రెండ్రోజులుండి వాడితోనే తిరిగొస్తున్నా.
రాత్రి రెండు. సింగరాయకొండ దాటినాం.
వెనక అన్నీ ఖాళీ పెట్టెలు.
రోడ్డు మీద కుక్క కూడా లేదు.
"అక్కా, పట్టుకో" అన్నాడు.

హైవే దిగే మలుపు.
పెట్టెలన్నీ ఒక పక్కకి దొర్లి మళ్లీ ఇంకో పక్కకి,
నా సంచిలో జామకాయలు కాళ్ల కింద,
నా నోట్లో వాళ్లమ్మ మీద ఒక తిట్టు,
టైర్ల కింద ఏదో సన్నగా పాడి ఆగింది.

"వచ్చు," అన్నాడు వాడు.
ఎవరికి చెప్పాడో.

దిగి, ఫోన్ లైటు వేసుకుని
థర్మాకోల్ మూతలు ఏరుకున్నాం ఇద్దరం.
ఒకటి తక్కువైంది.
గాలికి పొలాల్లోకి ఎగిరిపోయుంటుంది,
తెల్లారినాక కనపడుతుందిలే అన్నా.
మేం అప్పటిదాకా ఆగలేదు.