ఎర్రమన్ను గుర్తు

కుందుర్పి దాటినాక బీట్లో
తిప్పేస్వామి మంద, మూడొందలు.
మా సన్నీరమ్మత్తవి ఇరవైయేడు.
మామ పోయిన కరువులో
తోలుకొచ్చి ఇందులో విడిచింది.

ఢీకొంటాయనుకున్నా.
ఒక్క కొమ్మూ తగల్లేదు.
దుమ్ము మటుకు లేచింది.
సందుల్లోంచి సందుల్లోకి దూరి
తెల్లారేసరికి ఒకటే మంద.

మర్నాడు రాత్రి కంబళి మీద పండుకొని
పాలపుంత చూపిచ్చి చెప్పినా అత్తకు:
అదీ ఇట్లే పెరిగిందంట.
చుట్టూ తిరిగే చిన్న చుక్కల మందల్ని
ఉన్ని దారం మాదిరి సాగదీసి సాగదీసి
తనలో వడుక్కుంటాదంట.
ఇప్పుడు గూడా ఒకటి కలుస్తా ఉందంట,
కోట్ల ఏండ్ల నుంచి, ఇంగా అయిపోలేదంట.

"మరి ఏవి ఎవురివో ఎట్ల తెలుస్తాది?"
"నడకను బట్టి" అన్నా.
అత్త వక్కాకు నములుతా
చానా సేపు పైకే చూసింది.

మూడేండ్లాయె.
మొదటి కత్తిరింపుకే
మా ఎర్రమన్ను గుర్తు ఉన్నితో పోయింది.
తిప్పేస్వామికే లెక్క తెలీదు.

పొద్దు గూకేటప్పుడు దావ చీలే చోట
మందంతా కుడికి మళ్ళితే
ఒక పదకొండు మాత్రం
సన్నగా, వరసగా, ఎడమకు మెడ తిప్పి
కాసేపు నిలబడతాయి.

అందులో రెండు
మా దొడ్డిని ఎన్నడూ చూడనివి.