పోయిన వస్తువుల కిటికీ

గెంట్ నగరం ట్రాము డిపోలో
జనం మరిచిపోయినవన్నీ నా దగ్గరికొస్తాయి.
గొడుగులు, జత తప్పిన చేతి తొడుగులు,
ఒకసారి కట్టుడు పళ్ళు, ఒకసారి బతికున్న తాబేలు.
ప్రతిదానికీ చీటీ కడతాను:
ఏ లైను, ఏ సీటు, ఎన్ని గంటలకు.
వస్తువులు కళ్ళలోకి చూసి మాట్లాడమనవు.
అందుకే పదకొండేళ్ళుగా ఈ పని వదల్లేదు.

నెలలో పద్దెనిమిది రోజులు బాగానే ఉంటాను,
అంటే నాలాగే ఉంటాను.
ట్యూబులైటు రొద వినిపిస్తుంది, ఓర్చుకుంటాను.
"ఎలా ఉన్నావు వేర్లె" అని ఎవరైనా అడిగితే
చెప్పాల్సింది ముందే వల్లెవేసి ఉంచుకుంటాను.
పంతొమ్మిదో రోజు
ఎవరో నా తోలు ఒలిచి దండెం మీద ఆరేస్తారు.

చొక్కా కుట్టు గోరై గీరుతుంది.
పక్క బల్ల దగ్గర ఫ్లోరిస్ కొరికే ఆపిల్
నా పుర్రెలోనే నలుగుతుంది.
వల్లెవేసిన జవాబు నాలుక చివరికి రాదు.
అద్దంలో ఆవిడ
"నువ్వు లేకపోతే అందరికీ సుఖం" అంటుంది,
నా గొంతుతోనే, నా పదాలతోనే,
అందుకే నమ్మేస్తాను.
ఆ వారం కాలవ గట్టున నడవను.
అరగంట ఆలస్యమైనా చుట్టూ తిరిగే బస్సెక్కుతాను.

తర్వాత ఒక పొద్దున నెత్తుటి మరక.
మధ్యాహ్నానికల్లా ఆపిల్ మళ్ళీ ఆపిలే.
అల్మరా తలుపుకు నేను తన్నిన సొట్ట మాత్రం పోదు.
ఆఫీసు సొరుగులో నా రాజీనామాలు రెండు,
మా పైఅధికారి చదవనట్టు నటించినవి.
క్షమించమనే మాటకూ చీటీ కట్టొచ్చు:
ఎవరికి, దేనికి, ఎన్నోసారి.

"ఆడవాళ్ళందరికీ ఉండేదేగా" అన్నాడు మొదటి డాక్టరు.
రెండో ఆయన మాత్ర రాశాడు, ఏ తారీఖుల్లో అని అడగలేదు.
మూడో ఆవిడ నా ఫైలు తిరగేసి
"ఆటిజం ఉన్నవాళ్ళకి చిరాకు మామూలే" అంది.
ఒకరు ఒంటిని చూశారు, ఒకరు బుర్రను.
మధ్యలో నేను
ఎవరూ అడగడానికి రాని గొడుగునై నిలబడ్డాను.

నా కూతురు యోరీన్‌కు పదమూడేళ్ళు.
దాని మెదడు
ఏడు కిటికీలూ ఒకేసారి తెరుచుకునే ఇల్లు,
ఒక్కదానికీ గడియ పడదు.
మార్చిలో ఓ రాత్రి స్నానాల గదిలో
టవలు కొరుకుతూ ఏడ్చింది.
ఏమైందని అడగలేదు. ఆ ప్రశ్న ఎంత బరువో నాకు తెలుసు.
వసారా లైటు ఆర్పి
గడప ఇవతల చల్లటి గచ్చు మీద కూర్చున్నాను.
చాలాసేపటికి తలుపు కింద నుంచి ఒక మాట:
"అమ్మా, నేను చెడ్డదాన్నైపోయానా?"

వల్లెవేసిన జవాబు లేదు నా దగ్గర.
జేబులో చీటీల కట్ట ఉంది.
చీకట్లోనే రాసి తలుపు కిందికి తోశాను:
"దొరికిన వస్తువు: ఒక అమ్మాయి.
చోటు: స్నానాల గది. రోజు: ఇరవై మూడు.
పాడవలేదు.
యజమానురాలు అయిదారు రోజుల్లో రాగలరు.
అంతవరకు భద్రపరచబడును."

అవతల పెన్సిలు గీసిన చప్పుడు.
చీటీ తిరిగొచ్చింది:
"ఇరవై మూడు కాదు, ఇరవై నాలుగు.
నేనూ లెక్కపెడుతున్నాను."

మొన్న నాలుగో డాక్టరు బల్ల మీద
రెండు చీటీల కట్టలు పెట్టాం.
నావి తారీఖు ప్రకారం, దానివి ఎటుపడితే అటు,
మధ్యలో ఒక చాక్లెట్ కాగితం.
ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చదివింది.
చదువుతున్నంతసేపూ
యోరీన్ కుర్చీ కాలును తన్నుతూనే ఉంది,
టక్ టక్ టక్ మని.
ఆరోజు నాకు ఎనిమిదో రోజు.
ఆపమని అనలేదు.