లాగ్‌బుక్‌లో ఒక మాట

రాత్రి రెండు దాటింది.
షెట్లాండ్ దీవుల్లో, హామ్‌వో రేవులో,
లైఫ్‌బోటు షెడ్డు పైగదిలో
ఇంగా హాల్‌క్రో చల్లారిన టీ తాగుతూ రేడియో వింటోంది.
గరగరలోంచి ఎవరిదో ముసలి గొంతు:
బాయ్. నీళ్లలో. నల్లరాళ్లకు అవతల.
ఆ తర్వాత గాలి, ఒట్టి గాలి.

బాయ్ అంటే పిల్లవాడు.
బాయ్ అంటే, ఓడలకు దారి చూపుతూ
గొలుసుకు కట్టుబడి ఉండే తేలుడు పీపా కూడా.
రాస్తే మధ్యలో ఒక 'యు' తేడా.
ఆ 'యు'ని పలికే నోరు ఈ దీవుల్లో లేదు.
అమెరికా వాళ్లు బూయీ అంటారట.
ఆ రాత్రి ఆ సముద్రం మీద అమెరికా వాడెవడూ లేడు.

మన మాటల్లో అయితే క్రియ చెప్పేసేది,
కొట్టుకుపోతున్నాడా, కొట్టుకుపోతోందా అని.
తోక చూసి మనిషిని పోల్చుకునేవాళ్లం.
ఇక్కడి మాటకు తోక లేదు.
ఇంగా మళ్లీ అడిగింది. మూడుసార్లు అడిగింది.
అలారం నొక్కింది.

ఆరుగురు లేచారు.
మాగ్నీ ఇస్‌బిస్టర్ పైజమా మీదే రబ్బరు బూట్లు తొడిగాడు.
బేకరీ లోరీ చేతుల పిండి కడుక్కోలేదు.
గుమ్మం దాటే ముందు ఎవరింట్లో వాళ్లు
పిల్లల మంచాలు లెక్కపెట్టుకుని వచ్చామని
తర్వాతెప్పుడో ఒప్పుకున్నారు.

గంటన్నర వెతికారు. సెర్చిలైటు వెలుగులో
ప్రతి నురుగుముద్దా ఒక తలలాగే ఉంది.
చివరికి కనిపించింది. ఎర్రగా, గుండ్రంగా,
తెగిన గొలుసు ఈడ్చుకుంటూ,
ఒంటినిండా నత్తగుల్లలతో,
పడవ వైపు తల ఊపుతూ.

ఎవరూ తిట్టలేదు.
లోరీ ఒక్కడే నవ్వబోయి ఏడ్చాడు,
పెద్దగా, తుమ్మినట్టు.
దాన్ని పైకి లాగాక, ఎందుకో తెలీదు,
మాగ్నీ దాని మీద దుప్పటి కప్పాడు.

తెల్లారి ఆ ముసలి జాలరి వచ్చాడు, టోపీ నలుపుకుంటూ.
ఇకనుంచి ఇంకేదైనా మాట వాడనా, అన్నాడు.
వాడు, అంది ఇంగా. మర్చిపోయావనుకో,
మేం మటుకు పిల్లాడనే వింటాం.

లాగ్‌బుక్‌లో స్పెల్లింగు దగ్గర ఆమె కలం కాసేపు ఆగింది.
'యు' రాసింది.
పక్కన, తోక లేని ఆ క్రియ రాసింది:
ఫౌండ్.
దొరికాడా, దొరికిందా అని
కాగితం అడగలేదు.