తిరిగొచ్చిన కాగితం

చెక్కు చెదరకుండా తిరిగొచ్చింది చెక్కు.
మడత నలగలేదు, సంతకం తోక కూడా చెరగలేదు.
దానికి గుండుసూదితో గుచ్చిన చిన్న చీటీ:
"రాసిన మనిషినే అడగండి."

బ్యాంకులో రొమీనా గాజుపలక వెనక నుంచి
ఎవరో పోయినట్టు గొంతు తగ్గించి చెప్పింది.
రెండువందల నలభై యూరోలు రావట,
పైగా నా ఖాతాలోంచే పదకొండు పోయాయట.
ఇవ్వనివాడికి కాదు, రానిదానికి నాకు జరిమానా!
చించెయ్యబోతే చెయ్యి పట్టుకుంది.
"ఆ చీటీ కూడా ఊడదీయకు.
ఇప్పుడు నీకున్న సాక్షి అదొక్కటే."

అడగమన్నారు కదా, అడగడానికే బయల్దేరాను.
మార్సాష్లోక్ రేవులో ఆదివారం సంత,
ఆక్టోపస్‌లు, తువాళ్ళు, ఎండకి కమిలిన టూరిస్టులు.
నజారెనో లేడు.
మంగళవారమూ లేడు.
వాళ్ళావిడ తలుపు సందులోంచి "సముద్రం మీద" అంది.
పడవేమో రేవులోనే, తాడుకి కట్టేసి,
నేను వేసిన రెండు కళ్ళతో నన్నే చూస్తోంది.

జులై ఎండలో మూడు రోజులు కూర్చుని వేశాను వాటిని,
ముక్కుకి అటొకటి ఇటొకటి.
నల్లగుడ్డులో మూడు వెంట్రుకల కుంచెతో వెలుగుచుక్క.
కీడుని ముందే పసిగట్టాలని పడవకి కళ్ళు.
యజమాని ఖాతా అడుగు కనిపించే కన్ను
ఎలా వెయ్యాలో మా నాన్న నేర్పలేదు.

నిజం చెప్పాలి, ఒక రాత్రి
రంగు గీకే కత్తి తీసుకుని వెళ్ళాను.
చెల్లుకు చెల్లు. నా కళ్ళు నాకిచ్చెయ్.
చెయ్యెత్తాను.
లోపల ఎవరో దగ్గారు.
నుదుటి లైటు వెలిగింది. మోకాళ్ళ మీద నజారెనో,
మోచేతుల దాకా నల్లనూనె,
పాత పేపరు మీద ముక్కలు ముక్కలుగా ఇంజను.
"రాసినప్పుడు డబ్బుంది" అన్నాడు, తలెత్తకుండానే.
"శనివారం ఇది పగిలింది. నువ్వు సోమవారం వేశావు."

సోమవారమే వేశాను.
నాలుగు రోజులు రంగుడబ్బా కింద పెట్టి మరిచిపోయింది నేనే.

కత్తి జేబులో పెట్టుకున్నాను.
చెక్కు మాత్రం చేతికివ్వలేదు.
దాని నకలు వెనక అతని చేతే రాయించాను:
వారానికి ముప్పై, ఆఖర్న బ్యాంకు మింగిన పదకొండు,
తేదీ, సంతకం, నూనె వేలిముద్ర.
అన్నీ నోట్లే. ఇంకో కాగితం వద్దు.

నాలుగు వారాలు తెచ్చాడు.
అయిదో వారం గుమ్మంలో నోట్లు లేవు,
తడి సంచీలో రెండు లంపూకీ చేపలు.
వేయించాను. తిన్నాను.
లెక్కలో ఎలా రాయాలో
ఇంకా తేలలేదు.