కమీషన్

కొండెలే చౌరస్తాలో నా కొట్టు
బట్టల బీరువా అంత.
పచ్చరంగు రేకు, ఒక కిటికీ,
గొలుసుతో కట్టిన పెన్ను.
ఫోన్లోకి డబ్బు పోస్తాను, ఫోన్లోంచి డబ్బు తోడతాను.
కిసుములో అందరి లెక్కలూ కొంచెం కొంచెం నాకు తెలుసు.

శనివారం పొద్దున్నే రిస్పా అకేయో వస్తుంది,
నిద్రలేని కళ్ళు, చేతిలో ఖాళీ గ్యాస్ బండ.
ముందురోజు రాత్రి ఆమె కథ
అందరి ఫోన్లకీ వెళ్ళి ఉంటుంది, ఊరికే.
చివర ఒక నంబరు, ఒక మాట:
"నచ్చితే, మీకు తోచినంత."

తోచడం చిత్రమైన సంగతి.
మూడు వేలమంది చదివారట నిన్న.
నలభై ఒక్కమందికి తోచింది.
ఇరవై షిల్లింగులు. ఇరవై. యాభై. పది.
ఒకాయన వంద పంపి
పొరపాటున వచ్చింది, తిరిగి పంపమన్నాడు.
పంపింది.

మోటారుసైకిల్ కుర్రాళ్ళు
నా రేకు నీడలో నిలబడి చదువుతారు,
ఒకడి నుంచి ఇంకొకడికి జలుబులా అంటుకుంటుంది కథ.
"ఈవారం పొట్టిగా రాసిందిరా, డేటా దండగ."
పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాట.
డేటాకి డబ్బు కడతాడు, ఫోనుకి కడతాడు,
ఫోను అద్దానికి,
ఆ అద్దం పగలకుండా అతికించే ఇంకో అద్దానికి.
అద్దం లోపల ఉన్నదాని దగ్గరికొచ్చేసరికి
చెయ్యి జేబు దారి మర్చిపోతుంది.

పుస్తకం వేద్దామనుకుంది ఒకసారి.
రెండొందల కాపీలకి నలభై వేలన్నాడు ప్రెస్సువాడు.
మూడోరోజుకే ఎవడో పేజీ పేజీకీ ఫొటో తీస్తాడు కదా అని
ఆ డబ్బుతో తమ్ముడి పళ్ళు కట్టించింది.
మిగతా వారమంతా
ఉద్యోగాల దరఖాస్తులు, పెళ్ళి ఉపన్యాసాలు,
ఒడ్డున హోటళ్ళకి వంటకాల పట్టిక.
"వేయించిన తిలాపియా మీద నాలుగు ముక్కలకి మూడొందలు!
చేపకున్న గిరాకీ మనిషికి లేదు" అని నవ్వింది.

ఏప్రిల్లో ఒబూయాని ముంచేసింది.
కథలో పడవ ఇంజన్లు బాగుచేసేవాడు,
గుర్రపుడెక్క కిందికి పోయి మళ్ళీ తేలలేదు.
మర్నాడు నా కిటికీ దగ్గరికి
ఎండుచేపలమ్మే పెరెస్ వచ్చింది.
అక్షరం రాదు, కూతురు చదివితే వింటుంది.
కొంగుముడి విప్పి ఎనభై షిల్లింగుల చిల్లర,
చేపవాసన,
బల్ల మీద పోసింది. "ఆ రాసేపిల్లకి."
మాట కూడా పంపమంది. నేనే టైపు చేశాను:
"శవం దొరికేట్టు చూడు తల్లీ.
మా ఆయనది దొరకలేదు."

ఆ శుక్రవారం పదకొండు వాక్యాలే వచ్చాయి.
తెల్లవారుజామున ఒడ్డుకి చేరిన ఒక మనిషి,
ఆయన్ని గుర్తుపట్టిన చొక్కా గుండీ,
ఆడవాళ్ళ ఏడుపు, మట్టి.
"అయినా పొట్టిగానే ఉంది" అన్నాడొక కుర్రాడు.
రెండోవాడు వాడి హెల్మెట్ మీద ఒక్కటిచ్చాడు.

ఇవాళ ఎనిమిది వందల డెబ్బై తీసింది రిస్పా.
తోడిపెట్టినందుకు నాకు పదో పన్నెండో వస్తుంది.
మూడేళ్ళుగా, ప్రతి శనివారం.
నేనూ చదువుతాను. శుక్రవారం దీపం ఆర్పాక,
మా ఆవిడకి వినపడేంత గొంతుతో.
నాకు ఇంతవరకూ
ఒక్కసారీ తోచలేదు.

సంతకం సగంలో ఆగింది.
"మీ పెన్నులో సిరా లేదండీ."
వచ్చేవారానికి కొత్తది పెడతానన్నాను,
పెద్ద దాతలాగా.